రంగు వేసిన చేతికి వెల లేదా?

చేతి అచ్చుతో శుభాకాంక్షల కార్డులు చేయడం మీరు చూసే ఉంటారు. బెండకాయను అడ్డంగా కోసి, ఇంకులో అద్ది కాగితంపై నొక్కితే పువ్వు పడుతుంది. బంగాళాదుంపను సగానికి కోసి ఆకు చెక్కితే ఆకు పడుతుంది. రబ్బరు ముద్రలు, చెక్క అచ్చులు బజారులోనూ దొరుకుతాయి. ఏ అచ్చు అయినా పని ఒక్క క్షణమే. ఆ తరువాతే చాక్ పాస్టెల్‌తో రంగు నింపే పని మొదలవుతుంది. ఈ రెండో పనిని మనం తక్కువగా చూస్తున్నామని నా అభిప్రాయం.

"ఈ వయసులో చిన్నపిల్లల్లా ఈ రంగులేమిటి?" అని మనమే సిగ్గుపడతాం. అమ్మేటప్పుడేమో కాగితం ఖరీదు, ఇంకు ఖరీదు లెక్క వేసి, రంగు వేసిన గంటలను మరచిపోతాం.

ముందు సిగ్గు సంగతి చూద్దాం. సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గు వేసే ఇల్లాలిని గమనించండి. ముందు తెల్లని గీత, తరువాత గీత దాటకుండా రంగు పొడి. దాన్ని ఎవరైనా పిల్లల ఆట అంటారా? కార్డుపై మీరు చేసేదీ అదే. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టలు అద్దేవారు గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు వాడతారు. మీ దగ్గర ఉన్నది గీత అచ్చు ఒక్కటే. మిగిలిన అచ్చుల పని అంతా మీ చేతి మీదే పడింది.

చాక్ పాస్టెల్ అంటే రంగు పొడి, సుద్ద, కొద్దిపాటి జిగురు కలిపి చేసిన కడ్డీ. నల్లబల్ల మీద రాసే రంగు సుద్దముక్క వేరు, అందులో రంగు తక్కువ. మైనం, నూనె కలిసిన ఆయిల్ పాస్టెల్ కూడా వేరే, అది పొడిగా రాలదు. జిగురు తక్కువ కాబట్టే చాక్ పాస్టెల్ మెత్తగా పరుచుకుంటుంది. చెరిగిపోయేదీ అందుకే. నున్నని కాగితంపై అది నిలవదు, కొంచెం గరుకు కావాలి. ముద్ర పూర్తిగా ఆరాకే రంగు వేయండి, లేకపోతే పొడి తడి గీతకు అంటుకొని గీత మసకబారుతుంది. కడ్డీని గరుకు కాగితంపై రుద్ది, ఆ పొడిని దూదితో అద్దండి. (వేలితో అద్దేవారూ ఉన్నారు. నాకూ వేలే ఇష్టం.) లేత రంగు ముందు, ముదురు తరువాత. ఎక్కువైన పొడిని నోటితో ఊదకండి, ముక్కులోకి పోతుంది. కార్డును వంచి మెల్లగా తట్టండి. రెండు మూడు కార్డులు పాడైతే గాని ఇవేవీ చేతికి రావు. అలా వచ్చినదాన్ని నేర్పు అంటారు.

ఇక ధర. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన ఒక క్రిస్మస్ కార్డు వేయించాడు. అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదేనంటారు. బొమ్మ గీసినవాడు జాన్ హార్స్‌లీ. గీతలు రాతి అచ్చులో పడ్డాయి, రంగులు మాత్రం చేత్తో వేశారు. వెల ఒక షిల్లింగు. ఆ రోజుల్లో అది సామాన్యుడికి అందే ధర కాదు.

మీ లెక్క మీరు వేసుకోండి. ఒక కార్డుకు పదిహేను నిమిషాలు పడితే గంటకు 4 కార్డులు. ఎనిమిది గంటల పనికి కూలి 400 రూపాయలు అనుకుంటే గంటకు 50, కార్డుకు 12 రూపాయల 50 పైసలు. కాగితం, ఇంకు, కవరు ఖర్చు దీనికి అదనం.

"అంత పెట్టి ఎవరు కొంటారు? ప్రెస్సులో వేసిన కార్డు చవక కదా!" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. ఎవరైనా 500 పెళ్లి పత్రికలు అడిగితే ప్రెస్సుకే వెళ్లమని చెప్పండి. అక్కడ మీరు యంత్రంతో పోటీ పడలేరు, పడనక్కరలేదు కూడా. కాని సెల్‌ఫోనులో శుభాకాంక్షలు క్షణంలో చేరిపోయే ఈ రోజుల్లో, చేతి కార్డు వెతుక్కుంటూ వచ్చేవారు చవక కోసం రారు. ఒక మనిషి కూర్చొని చేసిన పనిని వారు కొంటున్నారు. ఆ పనికే మీరు వెల కట్టకపోతే ఎలా?

అయితే ధర అడిగే హక్కుతో పాటు ఒక బాధ్యతా ఉంది. కవరు తెరిచేసరికి పువ్వు రంగు చెరిగి ఉంటే కొన్నవారు మళ్లీ రారు. రంగు నిలిపే స్ప్రే దొరికితే దూరం నుంచి పల్చగా కొట్టండి. దొరకకపోతే బొమ్మపై పల్చని బటర్ పేపరు ఒకటి కప్పి కవరులో పెట్టండి.

మీ మొదటి కార్డు మాత్రం అమ్మకండి. పని మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం దాని వెనుక పెన్సిలుతో రాసి ఉంచుకోండి. ఎవరైనా ధర అడిగినప్పుడు ఒకసారి దాన్ని తిప్పి చూసుకొని చెప్పండి.