శస్త్రచికిత్స యైన కుక్కకు ఇంటి పరిచర్య

పెంపుడు ఆడకుక్కకు పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించుట పాపమని తలంచువారు మన అనంతపురపు సీమలో ఇప్పటికిని గలరు. ట్యాంకరు నీటికై బిందెలతో కాచుకొను వీధులలో, ఈతకు ఐదాఱు పిల్లలు పుట్టి, తల్లి పాలు ఇంకిపోయి, మండుటెండలో ఒక్కొక్కటిగ చచ్చుట కన్నులార చూచినవారికి ఆ మాట నోట రాదు. ఒక ఈతయైన ఈనిన పిమ్మటనే చేయింపవలయుననుటయు నిజము కాదు. మొదటి ఎదకు ముందే చేయించినచో రొమ్ముగడ్డల భయము మిక్కిలి తగ్గును. తగిన వయస్సును పశువైద్యుడు చెప్పును. 2023వ సంవత్సరపు కేంద్రప్రభుత్వ నిబంధనలు పెంపుడుజంతువునకు టీకాలును, ఈ చికిత్సయు చేయించు భారమును యజమానిపైననే ఉంచినవి.

వైద్యుని పని కొద్దిసేపటిలో ముగియును. మన పని పది మొదలు పదునాలుగు దినములు.

మొదటి రాత్రి ముఖ్యము. మత్తులోనున్న ప్రాణికి దేహపు వెచ్చదనమును నిలుపుకొను శక్తి తగ్గును. కావున వేసవియైనను కడపబండలపై పరుండనీయక, గోనెసంచిపై ఉతికిన పాతచీర మడిచి పఱువవలయును. మంచము, అరుగు వలదు, తూలి పడును. తెలివి పూర్తిగ రానిదే నీరైనను నోట పోయరాదు. మఱునాటి మధ్యాహ్నమునకు చిక్కు మాఱును: మన మిద్దెలు పొయ్యివలె కాగును, కుక్క ఒగర్చియే వేడి తీర్చుకొనవలయును. వేపచెట్టు నీడ చల్లనిదే గాని, ఆ దుమ్ము గాయమునకు చెఱుపు. ఆషాఢపు గాలులలో చెప్పనక్కఱలేదు. గాలి ఆడు వసారా మేలు. గాయమునకు తడి తగులరాదు గనుక ఇన్నాళ్లును స్నానము లేదు. నీటికఱవున మనకిది యొక్క లాభము!

కుక్క నాలుకయే మందని పెద్దలందురు. మేము ఒప్పుకొనము. నాకి నాకి కుట్లు ఊడదీసికొనును, చీము పట్టును. వైద్యుడు మెడకు తొడిగిన గరాటును జాలిపడి తీసివేయకుడు. పసుపు, వేపముద్ద, బూడిద గాయముపై పెట్టకుడు. మన నొప్పిమాత్రలు అసలే వలదు: ఐబుప్రొఫెన్ కుక్క కడుపున పుండ్లు చేసి మూత్రపిండములను చెఱచును, పారాసిటమాల్ పిల్లికి విషమే.

నెత్తురు కారినను, చెడువాసన వచ్చినను, చిగుళ్లు తెల్లబాఱినను, రెండవనాటికిని తిండి ముట్టకున్నను, తెల్లవాఱువఱకు చూతమనక అప్పుడే వైద్యుని చెంతకు కొనిపోవలయును. మెట్లు, గంతులు, మగకుక్కల పొత్తు కుట్లు మానువఱకు వలదు.

మానిన పిదప ఆకలి హెచ్చును, ఒడలు బలియును. సంగటిముద్ద కొంచెము తగ్గింపుడు. పిల్లలు తమ పళ్లెములోనిది చాటుగ పెట్టుచుందురు. ఆ వైపున ఒక కన్ను వేసి యుంచుడు.