చేతివ్రేళ్ల చదువు

అంధత్వమనగా నేమో మన బాలురకు నేర్పుచున్నవారెవరు? పాఠశాల గాదు, గ్రంథము గాదు. “గుడ్డెద్దు చేలో పడినట్లు” అను సామెత నేర్పుచున్నది. చలనచిత్రమునందు గోడకు గొట్టుకొని ప్రేక్షకులను నవ్వించు పాత్ర నేర్పుచున్నది. జాతరలో చేయిచాచి కూర్చున్న యాచకుడు నేర్పుచున్నాడు. ఈ ముగ్గురు గురువులును గలిసి బాలుని మనస్సున నాటునవి రెండే భావములు: అపహాస్యమొకటి, జాలి యొకటి. చూపులేని మనుష్యుడు చదువగలడనియు, వ్రాయగలడనియు, తనకంటె మిన్నగా నాలోచింపగలడనియు నా బాలుడెన్నడును వినియుండడు. అతడు పెద్దవాడై, అధికారియై, నిబంధనలు వ్రాయుకాలమున నీ యజ్ఞానమే యతని కలమునుండి వెలువడును.

ఇది యతిశయోక్తి గాదు. మచిలీపట్నము ప్రాంతపు గ్రామమున చూపులేక పుట్టిన శ్రీ బొల్లా శ్రీకాంత్ హైదరాబాదులోని దేవనార్ అంధ పాఠశాలలో పదవ తరగతి ముగించి విజ్ఞానశాస్త్రము చదువగోరగా, అంధులకా శాస్త్రము తగదని ద్వారము మూయబడెను. న్యాయస్థానము నాశ్రయించి యాయన యా హక్కును సాధింపవలసివచ్చెను. అనంతర మమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో బొల్లాంట్ పరిశ్రమలను స్థాపించెను. అడ్డు చెప్పినవారు దుర్మార్గులని మేమనుటలేదు. పటములును ప్రయోగములును కన్నులకే గాని వ్రేళ్లకు దెలియవని వారు నమ్మిరి. బాల్యమున నొక్కసారియైన నుబ్బెత్తు పటమును తడవియుండినచో నా నమ్మకము నిలిచియుండెడిదా?

కావున నంధత్వమును గూర్చిన విద్య యంధబాలుర పాఠశాలలకే పరిమితము గారాదు. చూపుగల బాలురకే యది ముందుగా గావలయును. దానికి దగిన స్థలము మ్యూజియమని మా యభిప్రాయము.

సిద్దిపేటనుండి విహారయాత్రకు హైదరాబాదు పోవు పిల్లలు సాలార్‌జంగు మ్యూజియమును జూచుట వాడుక. అచ్చట బెంజోనీ చెక్కిన “మేలిముసుగు రెబెక్కా” ముందు వారు నిలుచుందురు. పాలరాతి ముసుగును జూచి పలుచని వస్త్రమని కన్ను భ్రమించును. ఆ భ్రమను తీర్పగలిగినది వ్రేలు, అయినను తాకరాదు. ఆ పిల్లలే గంటగంటకును సంగీత గడియారముకడ గుమిగూడుదురు. చిన్నబొమ్మ వెలికివచ్చి గంట కొట్టునప్పుడు చూపులేని బాలుడును తక్కినవారితోపాటు లెక్క పెట్టగలడు. ఒక్క వస్తువు చెవికి దొరకినంతమాత్రమున నింత సమానత్వము గలిగినచో, పది వస్తువులు చేతికి దొరకిన నెంత గలుగునో పాఠకులే యోచింతురుగాక.

స్పర్శవలన గలుగు జ్ఞానము కొరగానిదని వాదించువారు అంధగజన్యాయమును జూపుదురు. ఆ కథలోని దోషము చేతులది గాదు. ఒక్కొక్కనిని ఒక్కొక్క యవయవముకడ నిలిపి, ఏనుగు చుట్టును దిరుగుట కవకాశమీయనివారిది. కన్ను వస్తువు నొక్కమారుగా బట్టుకొనును. వ్రేలు భాగభాగముగా గూర్చుకొనును. దానికి గావలసినవి మూడు: కాలము, అనుమతి, ప్రక్కనుండి వివరించు నొక మాట. ఈ మూడింటిని నీయగలిగినది మ్యూజియము.

స్పర్శాక్షరముల చరిత్రయే యిందుకు సాక్ష్యము. 1809 జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశపు కూవ్రే గ్రామమున, గుఱ్ఱపుజీనులు కుట్టువాని యింట లూయీ బ్రెయిల్ జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిచోట పదునైన పనిముట్టుతో నాడుకొనుచు కంటిని బొడుచుకొనెను. ఆ వ్యాధి రెండవ కంటికిని బ్రాకెను. ఆకాలమున పారిసు అంధపాఠశాలలో సాధారణాక్షరములనే యుబ్బెత్తుగా నచ్చువేసి తడవి చదివించెడివారు. అవి చూపుగలవారు తమ కన్నునకు దోచినట్లు కల్పించినవి. చదువుట కష్టము, స్వయముగా వ్రాయుట యంతకంటె కష్టము. చార్లెస్ బార్బియే రూపొందించిన పండ్రెండు చుక్కల పద్ధతిని బ్రెయిల్ తన పదునైదవయేట, 1824లో, ఆరు చుక్కలకు దగ్గించి, వ్రేలికొనక్రింద నొక్కమారుగా నిముడునట్లు చేసెను. ఫ్రాన్సు దాని నధికారికముగా నంగీకరించినది 1854లో, ఆయన మరణించిన రెండేండ్లకు. అంధునికి గావలసిన లిపిని కనుగొన్నవాడంధుడే యను సత్యమును మన బాలుడు నేర్చుకొనవలసియున్నది.

మన దేశభాషలకు 1951లో నేర్పడిన భారతీ బ్రెయిల్ మఱియొక పాఠము జెప్పును. తెలుగు “క”కును, హిందీ “క”కును, తమిళ “క”కును చుక్కలొక్కటే: ఒకటవది, మూడవది. కంటికి లిపులు వేరైనను వ్రేలికి దేశమంతయు నొక్క యక్షరమే. తెలుగు గుడి హల్లు తలపై నెక్కదు, ప్రక్కగడిలో నిలుచును. పలకమీద కుడినుండి యెడమకు పొడిచి, కాగితము త్రిప్పి యెడమనుండి కుడికి జదువవలెను. ఒక బాలుడు తన పేరునిట్లు వ్రాసి, చూపులేని మఱియొక బాలుడు దానిని చదివి తన్ను బిలువగా విన్నచో, ఆ క్షణమున జాలికి చోటుండదు, గౌరవమే యుండును.

ఇట్టి ప్రయత్నములు లోకమునకు క్రొత్త గావు. ఇటలీ దేశపు అంకోనా నగరమున 1993లో నంధదంపతుల పూనికతో స్థాపింపబడిన ఒమేరో మ్యూజియమున ప్రతిమలు తాకుటకే యున్నవి. ఢిల్లీ జాతీయ మ్యూజియము 2015లో “అనుభవ్” అను పేర 22 ప్రతిరూపములతో స్పర్శశాలను దెరచెను. హైదరాబాదులోనే, మాదాపురము ఇనార్బిట్ మాల్‌లో 2011లో “డైలాగ్ ఇన్ ది డార్క్” ప్రారంభమయ్యెను. అచ్చటి కటికచీకటిలో దారి చూపువారంధులు, వెంట నడచువారు చూపుగలవారు. గురువెవరో శిష్యుడెవరో యచ్చట తారుమారగును.

ఈ తారుమారే ముఖ్యము. కొన్ని పాఠశాలలు పిల్లల కన్నులకు గుడ్డ గట్టి యైదు నిమిషములు నడిపించి, అంధత్వమును నేర్పితిమని సంతోషించును. దానివలన బాలుడు నేర్చునది తడబాటు, భయము. ఏండ్ల తరబడి సాధనచేసిన వాని నేర్పును గాదు. ఈత రానివానిని చెరువులో ద్రోసి, ఈత యనగా నిదియేనని చెప్పినట్లుండును. అంధుడైన యుపాధ్యాయుడు ముందు నిలిచి చదివి చూపవలెను. ఆయన శ్రమకు వేతన మీయవలెను.

శాసనమును మన పక్షముననే యున్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 29వ సెక్షనున వికలాంగుల చరిత్రను దెలుపు మ్యూజియమును స్థాపింపవలెననియు, కళలను వారి కందుబాటులోనికి దేవలెననియు జెప్పుచున్నది. 39వ సెక్షను పాఠశాలలయందే యీ యవగాహనను గల్పింపుమనుచున్నది. అంధుడైన శ్రీ రాజీవ్ రతూరి వేసిన వ్యాజ్యమున, హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు నివేదికను పరిశీలించి, సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరు 8న నిచ్చిన తీర్పులో, అందుబాటు ప్రమాణములు కేవలము సలహాలుగా నుండరాదనియు, తప్పనిసరి నియమములు గావలెననియు స్పష్టపరచెను. హక్కు కాగితమున నున్నది. వ్రేళ్ల కింకను దొరకవలసియున్నది.

సిద్దిపేట యిందుకు ముందడుగు వేయగలదు. జిల్లా గ్రంథాలయమున నొక్క గది చాలును. నేతలోనే దీర్చిన గొల్లభామ చీర కొంగును అందుంచవలెను. ఆ భామను, ఆమె తలపైనున్న కుండను వ్రేళ్లు వెదకి పట్టుకొనును. చింతగింజల అంబలితోను, రంపపు పొట్టుతోను జేసిన చేర్యాల బొమ్మల నుంచవలెను. 2017లో త్రవ్వకములు జరిగిన నర్మెట్ట, పాలమాకుల పెదరాతి సమాధుల నమూనాల నుంచవలెను. ప్రతి వస్తువుప్రక్కను తెలుగు బ్రెయిలున నొక ఫలకము, బల్లపై పది పలకలు, పది పొడుపుపుల్లలు. ప్రాచీన వస్తువులు చెడునను భయమక్కరలేదు, ప్రతిరూపములు చాలును. వీనిని జేయగల నేతగాండ్రును, నకాషీ చిత్రకారులును మన జిల్లాలోనే యున్నారు. చూపుగల పిల్లలును, చూపులేని పిల్లలును వేర్వేరు దినములగాక యొక్క దినముననే రావలెను.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు అక్షరము కొందరి సొత్తుగా నుండరాదని తలచిరి. నాడు మాతృభాషలో పుస్తకము దొరకుటయే పోరాటము. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున చూపు వైకల్యము గలవారు 50 లక్షలకు పైబడియున్నారు. వారికక్షరము చేరనంతవరకు నా యుద్యమము ముగిసినదని చెప్పుకొనుటకు మనకధికారము లేదు. జిల్లా యధికారులును, విద్యాశాఖవారును, గ్రంథాలయ సంస్థవారును రాబోవు జనవరి 4వ తేదీనాటికి, ఐక్యరాజ్యసమితి 2019 నుండి బ్రెయిల్ దినముగా పాటించుచున్న యా దినమునకు, ఈ గదిని దెరువవలెనని కోరుచున్నాము. ద్వారముపై వ్రాయవలసిన మాట యొక్కటే: “తాకి చూడుడు.”