బడిలో పిల్లల గోడు వినేదెవరు?

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతోపాటు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి కోచింగ్ సెంటర్లకే కాదు, సర్కారు బడులకూ, ప్రైవేటు స్కూళ్లకూ, హాస్టళ్లకూ వర్తిస్తాయి. అంటే మన పెడన బడులకు కూడా.

అందులో తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన ముఖ్య విషయం ఇది. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి చోటా శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఒక్కరైనా ఉండాలి. చిన్న బడులైతే బయటి నిపుణుల దగ్గరికి పంపే ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

"టీచర్లు ఉన్నారుగా, మళ్లీ వేరే మనిషి ఎందుకు?" అని అడిగేవాళ్లుంటారు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ హెల్త్ కార్యక్రమం కూడా ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకే ఈ బాధ్యత ఇచ్చింది. కానీ సిలబస్, పరీక్షలు, యాప్‌లలో వివరాల నమోదు, వీటన్నిటి మీద ఇది అదనపు పని.

బీహార్‌లోని నలంద జిల్లాలో 74 హైస్కూళ్లలో 'సెహెర్' పేరుతో ఒక ప్రయోగం జరిగింది. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొన్ని బడుల్లో ఈ పని టీచర్‌కు ఇచ్చారు. కొన్నింట్లో ఇదే పని కోసం ఒక మనిషిని శిక్షణ ఇచ్చి పెట్టారు. వాళ్లు పెద్ద డాక్టర్లేం కాదు. పిల్లలు తమ బాధ రాసి వేసేందుకు పెట్టె, గోడ పత్రిక, విడిగా కూర్చుని మాట్లాడటం, ఇవే వాళ్ల పనిముట్లు. వాళ్లున్న బడుల్లో పిల్లల్లో దిగులు, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్‌కు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాబట్టి పోస్టరు అంటించి ఒక టీచర్ పేరు రాస్తే చాలదు. వినడమే పనిగా ఉన్న మనిషి కావాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. 300 మంది ఉన్న హైస్కూల్లో ఈ లెక్కన ఇరవై మందికి పైనే. మగ్గం మీద, కలంకారీ అద్దకం మీద బతికే ఇళ్లలో పని తగ్గితే ఆ బెంగ పిల్లలకీ తగులుతుంది. పిల్లాడు మాట మానేస్తే, బడి ఎగ్గొడితే, చీటికిమాటికి గొడవ పడితే మనం పొగరంటాం. లేదంటే నజర్ తగిలిందంటాం. దువా చేయించండి, తప్పులేదు. దానితోపాటు కౌన్సెలర్ దగ్గరికీ తీసుకెళ్లండి. ఆడపిల్ల విషయం బయటికొస్తే సంబంధాలు రావని దాచిపెడితే నష్టపోయేది ఆ పిల్లే.

మరి మనమేం చేయాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లుండాలి. అమ్మీలు ఆ మీటింగ్‌లో నోరు విప్పి మూడు మాటలు అడగాలి. మా బడికి కౌన్సెలర్ ఎప్పుడొస్తారు? టీచర్లకు శిక్షణ జరిగిందా? సమస్య పెద్దదైతే పిల్లల్ని ఎక్కడికి పంపుతారు? మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. పెడన బడుల్ని దానితో కలపమని కోరవచ్చు. ప్రైవేటు స్కూలైతే ఫీజు కట్టే రోజే ఇవన్నీ అడగండి.

అంతవరకు ఈ నంబర్ ఇంట్లో రాసి పెట్టుకోండి: టెలీ మానస్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడవచ్చు. పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.