తుపానుకు తోటలో కూలిన చెట్లు: తీయాల్సింది ఎవరు? ఏ యంత్రంతో?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి నగరంలోని చెట్లతో పాటు శివారు మండలాల్లోని జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలు కూడా నేలకొరిగాయి. నాలుగేళ్ల తర్వాత 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటలను దెబ్బతీసింది. ఇలాంటి సమయంలో యంత్రాంగం ముందుగా రోడ్లు తెరిపిస్తుంది, తర్వాత కరెంటు ఇస్తుంది. తోటలో పడిన చెట్టు మాత్రం రైతు తీసుకునే దాకా అక్కడే ఉంటుంది. సబ్బవరం లాంటి మండలాల్లో అక్టోబరు వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది.

ఎంతవరకు ప్రభుత్వ బాధ్యత?

జాతీయ రహదారిపై పడినవి ఆ రహదారి సంస్థ, రాష్ట్ర రోడ్లపై పడినవి ఆర్ అండ్ బీ, ఊరి రోడ్లపై పడినవి పంచాయతీరాజ్ ఇంజినీర్లు, పంచాయతీ తొలగిస్తారు. తీగలపై పడిన కొమ్మల సంగతి ఏపీఈపీడీసీఎల్ సిబ్బంది చూస్తారు. గట్టు దాటి లోపలికి వెళ్తే ఎవరూ లేరు.

ఇందుకు కారణం నిధుల నిబంధనల్లోనే ఉంది. రాష్ట్ర విపత్తు సహాయ నిధిని దేనికి ఎంత ఖర్చు చేయాలో కేంద్రం నిర్ణయిస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా ఇచ్చిన పట్టికలో శిథిలాల తొలగింపు అనే పద్దు ఉంది కానీ అది బహిరంగ ప్రదేశాలకే పరిమితం. పంట 33 శాతానికి మించి నష్టపోతే బహువార్షిక తోటలకు హెక్టారుకు రూ.22,500 చొప్పున, 2 హెక్టార్ల వరకు పెట్టుబడి రాయితీ ఇస్తారు. పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక, ఒండ్రు పేరుకుంటే తొలగించడానికి హెక్టారుకు రూ.18,000 ఇచ్చే వీలుంది. సొంత తోటలో కూలిన చెట్టును కోసి బయటకు లాగడానికి మాత్రం విడిగా పద్దు లేదు. రాష్ట్రం తలచుకుంటే తన ఖజానా నుంచి అదనంగా ఇవ్వవచ్చు. అది తుపాను తర్వాత వచ్చే జీవోను బట్టి ఉంటుంది.

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో ఉంటున్న మనవాళ్లకు ఈ గీత కొత్త కాదు. రోడ్డు మీద మంచును స్థానిక సంస్థ బండి తోసేస్తుంది. ఇంటి ముందు దారిని ఇంటివాళ్లే శుభ్రం చేసుకోవాలి. తేడా ఏమిటంటే, మంచు కొన్నాళ్లకు కరిగిపోతుంది. కొబ్బరి మొద్దు కరగదు, కుళ్లుతుంది.

ఆలస్యమైతే నష్టమేమిటి?

కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. గాయపడిన చెట్లకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. దెబ్బతిన్న జీడి చెట్లను కాండం, వేరు తొలిచే పురుగు పట్టుకుంటుంది. ఇవి పక్క తోటలో నిలబడి ఉన్న చెట్ల మీదికి వెళ్తాయి. ఒకరి తోటలో మిగిలిన మొద్దులు ఊరందరి సమస్య అవుతాయి.

జేసీబీ తెస్తే సరిపోదా?

తుపాను తర్వాత నేల తడిసి ఉంటుంది. అక్కడ హెచ్‌పీ కంటే చక్రానికి నేల మీద దొరికే పట్టు ముఖ్యం. 45 హెచ్‌పీ ట్రాక్టరు బరువు దాదాపు 2 టన్నులు. మెత్తని నేలలో దాని లాగుడు శక్తి వెనుక చక్రాలపై పడే బరువులో సగానికి అటూ ఇటూగానే ఉంటుంది. వేళ్లు, మట్టితో కూడిన చెట్టును అది కదిలించలేదు, ఉన్నచోటే చక్రం తిరిగి గుంత చేస్తుంది. అందుకే ముందు పవర్ రంపంతో ముక్కలు చేసి, తర్వాత లాగాలి.

పట్టు పెంచే మార్గాలు కొన్ని ఉన్నాయి. టైర్లలో నీళ్లు నింపితే గట్టి నేలలో పట్టు పెరుగుతుంది, బురదలో మాత్రం ఇంకా దిగబడుతుంది. ఒక చక్రమే ఊరికే తిరుగుతుంటే డిఫరెన్షియల్ లాక్ వేయాలి, వేసి ఉండగా మలుపు తిప్పకూడదు. దమ్ము చక్రాలు పల్లపు పొలంలో పనికొస్తాయి. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, జరిమానా పడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ఉంటే ముందు చక్రాలూ లాగుతాయి.

టైర్ల జేసీబీ బరువు ఏడు టన్నులు దాటుతుంది. ఆ బరువంతా నాలుగు టైర్ల మీదే పడుతుంది కాబట్టి తడి నేలలో కూరుకుపోయే ప్రమాదం ఎక్కువ. గొలుసు చక్రాల ప్రొక్లెయిన్ అంతకంటే బరువైనా, బరువు వెడల్పుగా పరచుకోవడంతో దిగబడదు. దాన్ని ట్రాలీ మీద తేవాలి, అద్దె కూడా ఎక్కువ. ఎర్ర నేలల మెట్ట తోటలు త్వరగా ఆరతాయి, పల్లం ఆలస్యంగా ఆరుతుంది. మెట్టతో మొదలుపెడితే ట్రాక్టరుతోనే చాలా పని అవుతుంది.

ప్రాణాలకు ముప్పు ఎక్కడ?

చెట్టు కింద తీగ ఉందేమో చూడాలి. ఉంటే 1912కు చెప్పి, లైన్‌మన్ వచ్చి సరఫరా లేదని నిర్ధారించే వరకు ముట్టుకోవద్దు. గొలుసును ట్రాక్టరు వెనుక కింది కొక్కేనికే కట్టాలి. ఇరుసు కంటే ఎత్తులో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. వంగి బిగిసిన కొమ్మను కోస్తే అది ఎగిరి కొడుతుంది, కోసేవారు పక్కకు నిలబడాలి.

కోసే ముందు ఏం చేయాలి?

తొందరపడి చెట్లు తొలగిస్తే నష్టానికి ఆధారం పోతుంది. ముందు ఫొటోలు తీసి, రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులకు తెలిపి, నష్టం జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఈ-పంటలో తోట నమోదై ఉండాలి. వారం దాటినా ఎవరూ రాకపోతే తహసీల్దారుకు లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు ఉంచుకోవాలి.

మార్చాల్సింది ఏమిటి?

యంత్రాలు ఊళ్లలో లేవని కాదు. 2022లో మొదలైన యంత్రసేవా పథకంలో 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు రుణం, 10 శాతం సొంత వాటాతో రైతు బృందాలకు ట్రాక్టర్లు ఇచ్చారు. వాటి వెంట పవర్ రంపాలు, ఇనుప తాళ్లు, వించ్‌లు కూడా ఇచ్చి, తుపాను రోజుల అద్దెను సెప్టెంబరులోనే ఖరారు చేస్తే కొత్త శాఖ అక్కర్లేదు. నష్టం లెక్కించిన రోజే తొలగింపు ఖర్చునూ లెక్కించాలి. పురుగుకు గట్టు తెలియదు, నిధుల పట్టిక మాత్రం ఇప్పటికీ గట్టు దగ్గరే ఆగుతోంది.