మగ్గము చెప్పెడి లెక్క

షోలాపురపు దుప్పట్లకును, తువాళ్లకును దేశమంతట పేరు కలదు. భౌగోళిక గుర్తింపు సయితము లభించినది. ఆ పేరు వెనుక తెలంగాణ పల్లెల నుండి తరతరములుగా వచ్చి యిచ్చట స్థిరపడిన మన పద్మశాలి కుటుంబముల శ్రమ కలదు. 1877లో వెలసిన నూలు మిల్లు మొదలుకొని ఈ నగరమునకు ఖ్యాతి దెచ్చిన పెద్ద మిల్లులు ఒకదాని వెంట నొకటి మూతపడినవి. మరమగ్గములు మాత్రము మన వాడలలో నేటికిని మ్రోగుచున్నవి. అవి రేపును మ్రోగునా యనునదియే మన ముందున్న ప్రశ్న.

స్మార్టు తయారీ యను మాట యిప్పుడు ప్రతి పారిశ్రామిక సభలోను వినవచ్చుచున్నది. యంత్రమునకు సెన్సర్ల నమర్చి, అది నడచిన తీరును, ఆగిన కారణమును అప్పటికప్పుడు తెలిసికొని, దానినిబట్టి పనిని దిద్దుకొనుటయే దీని సారాంశము. మన చిన్న కార్ఖానాదారులు ఇది కోటికి పడగలెత్తినవారి వ్యవహారమని ప్రక్కకు తప్పుకొనుచున్నారు. ఈ భావము సరికాదని మా అభిప్రాయము. ఆజ్ఞను చదివి నడచు యంత్రము నేతవారికి క్రొత్త కాదు. 1804 నాటికే ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు, అట్టలకు రంధ్రములు పొడిచి వానిచే మగ్గమునకు నమూనా నేర్పెను. ఆ జకార్డుతోనే గదా మనము దుప్పటి మీద పూవులను, లతలను దించుచున్నాము!

ఒక లెక్క చూడుడు. నిమిషమునకు 120 పేక పోగులు వేయు మగ్గము 8 గంటలు ఆగక నడచినచో 57,600 పోగులు పడవలెను. 40,000 మాత్రమే పడినవనుకొందము. తక్కిన 17,600 ఏమైనవి? సుమారు రెండున్నర గంటలు మగ్గము ఊరక నిలిచినదన్నమాట. పడుగు తెగెనా, పేక తెగెనా, కండెలు అందలేదా, కరెంటు పోయెనా? అంచనాగా చెప్పగలమేగాని లెక్కగా చెప్పలేము. మగ్గమునకు అమర్చు చిన్న సాధనము దీనిని చెప్పగలదు. పడుగు తెగుటయే ఎక్కువైనచో లోపమును నూలులోనో, గంజిలోనో వెదకవలెను. కండెలు అందనిచో పని పంపకమును దిద్దవలెను. దీనికి క్రొత్త మగ్గము అక్కరలేదు. రోగమెరుగక మందు కొన్నట్లు, లోపమెరుగక లక్షలు పోసి యంత్రము తెచ్చినచో పాత లోపములే దానిపైనను సాగును. అప్పు వాయిదాలు మాత్రము ఆగవు.

ప్రభుత్వ సాయపు తీరును గమనింపదగియున్నది. యంత్రముల కొనుగోలుకై 1999లో మొదలైన వస్త్ర పరిశ్రమ సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకము పలు మార్పులు పొంది 2022 మార్చి 31తో ముగిసినది. 2023 మార్చిలో కేంద్రము చిన్న పరిశ్రమలకై లీన్ పథకమును ప్రారంభించి, వృథాను అరికట్టు సలహాలకగు వ్యయములో 90 శాతము తానే భరింతునని ప్రకటించినది. దానికి ఉద్యమ్ నమోదు అవసరము. మనకు చేరువనున్న పూణెలో సమర్థ్ ఉద్యోగ్ కార్యక్రమము క్రింద సీ ఫోర్ ఐ ఫోర్ కేంద్రము ఈ విద్యను వ్యాపింపజేయుటకే ఏర్పడినది.

ఇక కార్మికుల మాట. ఈ లెక్క తమ కూలిని కోయుటకేనని వారు అనుమానించుట సహజము. యజమాని యిచ్చిన నాసి నూలు వలన మగ్గము ఆగినప్పుడు అదియు ఆ లెక్కలో కనబడును. కనుక లెక్క ఇరువురి యెదుట నుండవలెను. పెరిగిన రాబడిలో కార్మికునకు భాగముండవలెను. కానిచో ఎంత మంచి పరికరమైనను మూలబడుట తథ్యము.

మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. మరాఠీ మనకు నిత్యవ్యవహార భాష. దానియెడ మనకు విముఖత లేదు. కాని పడుగు, పేక, కండె యను మాటలతోనే పని నేర్చిన పెద్దలకు క్రొత్త విద్యను ఆ మాటలతోనే చెప్పుట మేలు. పదిమంది కార్ఖానాదారులు కలిసి వ్యయమును పంచుకొని, చదువుకొన్న మన యువకుని ఒకనిని శిక్షణకు పంపి, అతనిచే తెలుగున చిన్న పుస్తకమును వ్రాయించిన బాగుండును.

పరికరము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ప్రతి కార్ఖానాలోను ఒక మగ్గము ప్రక్కన పలక వ్రేలాడదీసి, అది ఆగిన ప్రతిసారి వేళను, కారణమును నెల దినములు వ్రాయింపుడు. ఖర్చు ఒక సుద్దముక్క. ఆ పలకలతో వచ్చు నెల సంఘ సమావేశమునకు రండు. ఏమి కొనవలెనో, ఏది కొననక్కరలేదో అవియే చెప్పగలవు.