తూకం రాళ్లకు ముద్ర ఉంది, మరి డీబగ్గర్‌కు?

కిరాణా కొట్టులోని తూకం రాళ్లను నిర్ణీత కాలానికోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలని చట్టం చెబుతోంది. ప్రయోగశాలలో థర్మామీటరును కూడా ప్రామాణిక పరికరంతో పోల్చి చూశాకే నమ్ముతారు. కానీ శాస్త్రీయ గణనల్లో తప్పులు వెతికే డీబగ్గర్ విషయంలో ఈ జాగ్రత్త అరుదు. నిజానికి డీబగ్గర్ కూడా కొలత పరికరమే. అది కొలిచేది కంప్యూటర్ మెమరీని.

నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, ఎక్కడ ఏ విలువ ఉందో చూపడం డీబగ్గర్ పని. ఒంటరి సంఖ్య అయితే పెద్దగా చిక్కు లేదు. అసలు చిక్కు డైనమిక్ అర్రేలతో. ఉష్ణోగ్రత, పీడనం వంటి విలువలను వరుసగా దాచే గడులే అర్రే. ఎన్ని గడులు కావాలో ప్రోగ్రాము నడిచేటప్పుడే తేలితే అది డైనమిక్ అర్రే. మన దేశంలోనూ వాడుతున్న డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ నమూనా ప్రధానంగా ఫోర్ట్రాన్‌లో రాసినదే. ఫోర్ట్రాన్ 90 నుంచి ఆ భాషలో ఇలాంటి అర్రేలకు చోటు దొరికింది.

సాధారణంగా కంపైలర్ ఈ అర్రేకు డిస్క్రిప్టర్ అనే చిన్న చీటీ తయారుచేస్తుంది. విలువలు ఎక్కడ మొదలవుతాయి, ఎన్ని ఉన్నాయి, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి అన్నవి అందులో ఉంటాయి. ఆ చీటీని చదవడంలో పొరపడితే డీబగ్గర్ చూపేది తప్పే అవుతుంది. 1 నుంచి 10 వరకు ఉన్న వరుసలో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే 1, 3, 5, 7, 9 రావాలి. దూరాన్ని పట్టించుకోని డీబగ్గర్ 1, 2, 3, 4, 5 చూపుతుంది. రెండూ చక్కని అంకెలే. అందుకే అనుమానం రాదు. శాస్త్రవేత్త సరిగ్గా ఉన్న ప్రోగ్రాములో లేని తప్పు కోసం రోజుల తరబడి వెతుకుతాడు.

పరీక్ష రాయడంలోనూ నేర్పు కావాలి. గడులన్నింటిలో 5 నింపితే అడ్డువరుసలు నిలువువరుసలైనా తెలియదు. మూడో వరుస ఏడో గడిలో 307 అని, ప్రతి గడిలో దాని చిరునామానే రాయాలి. అప్పుడు ఏ గడి తారుమారైనా వెంటనే పట్టుబడుతుంది. అర్రేకు చోటు కేటాయించకముందు, కేటాయించాక, వదిలేశాక మూడుసార్లూ చూడాలి. వదిలేసిన చోట పాత విలువలు ఇంకా మిగిలి ఉండవచ్చు. ఇల్లు ఖాళీ చేసినా గుమ్మం మీద పాత పేరు పలక ఉన్నట్టే. అక్కడ ‘కేటాయించలేదు’ అని చెప్పడమే సరైన జవాబు. జీడీబీ డీబగ్గర్‌తో వచ్చే పరీక్షల్లో ఫోర్ట్రాన్ అర్రేలకు ఇలాంటివి ఉన్నాయి.

ఇంతమంది వాడుతున్నారు, తప్పుంటే ఈపాటికి బయటపడేది కదా అనవచ్చు. నమ్మదగ్గట్టు కనిపించే తప్పు అంత తేలిగ్గా బయటపడదు. పైగా కంపైలర్, డీబగ్గర్ వేర్వేరుగా మారుతుంటాయి. నిన్న నెగ్గిన పరీక్ష రేపు కొత్త కంపైలర్‌తో ఓడవచ్చు.

కాబట్టి కొత్త కంపైలర్ పెట్టిన ప్రతిసారీ, జవాబు ముందే తెలిసిన చిన్న ప్రోగ్రాముతో డీబగ్గర్‌ను సరిచూడటం గణన ప్రయోగశాలల్లో నియమం కావాలి. విద్యార్థులకు దాన్ని మొదటి ప్రయోగంగా నేర్పాలి. ఇలాంటి పరీక్షలు రాసేవారి శ్రమను పరిశోధనలో భాగంగా గుర్తించాలి. ఖర్చు కొన్ని నిమిషాలే. అది లేకపోతే మాత్రం తప్పు ప్రోగ్రాములో ఉందా, దాన్ని చూపిన పరికరంలో ఉందా అన్నది తేలదు.