నేల అదిరితే లెక్క ఎవరు చెప్పాలి?

టెక్కలి కొండల దగ్గరి ఊళ్లలో అటక మీద గిన్నెలు గలగలమంటే ‘క్వారీలో మందు పేల్చారు’ అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ ఇచ్ఛాపురం వైపు నేల అదిరి జనం ఇళ్లలోంచి పరుగెత్తిన రోజులూ ఉన్నాయి. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపం మన తీరమంతా తెలిసింది.

భూమి లోపలి రాతిలో పొడవాటి పగుళ్లుంటాయి. ఆ పగులు వెంట రాయి జరిగితే నేల కదులుతుంది. వీటినే భ్రంశాలంటారు. నాగావళి, వంశధార పేర్లతోనే మన ప్రాంతంలో భ్రంశాలను గుర్తించారు. ఆ నీళ్లతో సేద్యం చేసే మనలో ఎంతమందికి ఈ సంగతి చెప్పారు?

2002 నాటి భూకంప పటంలో మన జిల్లా రెండో జోన్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న చోట ఉంది. అలాగని నిద్రపోలేం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పటి పటంలో అదీ అట్టడుగు జోనే. రాళ్లు, మట్టితో కట్టిన బరువైన ఇళ్లు నిద్రలో ఉన్న రైతు కుటుంబాల మీద కూలాయి. తిత్లీ తుపానుకు ముందుగా హెచ్చరిక వచ్చింది. భూకంపానికి అదీ ఉండదు. కాపాడాల్సింది గోడే.

మన అసలు బాధ ఇంకొకటి. గోడ బీటలిస్తే, బావి ఒర కుంగితే క్వారీవాళ్లు ‘భూకంపం’ అంటారు. ఆఫీసుకు వెళితే ‘రుజువేది?’ అంటారు. మధ్యలో నష్టపోయేది రైతే. నిజానికి పేలుడు ఏదో, భూకంపం ఏదో యంత్రం రికార్డు చూసి చెప్పవచ్చు. పేలుడు అదురుకు గనుల భద్రతా నిబంధనల్లో హద్దు కూడా ఉంది.

అందుకే మనం అడగాల్సినవి మూడు. పలాస, టెక్కలి ప్రాంతంలో అదురును కొలిచే యంత్రాలు పెట్టి, వాటి లెక్కలు పంచాయతీలకు ఇవ్వాలి. పేల్చే తేదీ, వేళ ముందురోజే ఊరికి చెప్పాలి. ప్రభుత్వ కాలనీ ఇళ్లకు పునాది మీద, కిటికీల పైన కాంక్రీటు బెల్టు తప్పకుండా వేయాలి. కాంట్రాక్టరు అది ఎగ్గొడితే బిల్లు ఆపాలి.

ఈలోగా సభ్యులు ఒక పని చేయాలి. నేల అదిరిన ప్రతిసారీ తేదీ, వేళ, ఊరు, కలిగిన నష్టం నోటుపుస్తకంలో రాసి సంఘానికి పంపండి. రేపు రుజువు అడిగితే మన చేతిలో అదే ఉంటుంది.